ఆట తన లోగుట్టు తానే చెప్పాలా?

వార్షికోత్సవం అనగానే మన హాస్టల్‌లో కబడ్డీ, వాలీబాల్, పరుగు పందాల సందడి మొదలవుతుంది. కూర్చుని ఆడే ఆటలకు అంత సందడి ఉండదు. కప్పులు ఉండవు, చప్పట్లు ఉండవు. అయినా వాన పడే సాయంత్రాల్లో, ఆదివారం మధ్యాహ్నాల్లో వరండా గచ్చు మీద బొగ్గుతోనో సుద్దముక్కతోనో గీసిన గీతల చుట్టూ మనలో సగం మంది మూగి ఉంటాం. పులి-మేక, దాడి, అష్టా చెమ్మా, చదరంగం. పావులు కావాలంటే చింతపిక్కలు, గులకరాళ్లు, సోడా మూతలు ఉన్నాయి. ఉద్దానం వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ల జేబుల్లో జీడిపిక్కలు ఎలాగూ ఉంటాయి.

ఈ ఆటల దగ్గర మా మధ్య చాలాకాలంగా ఒక వాదన నడుస్తోంది. కొత్తగా చేరిన తమ్ముడికి ఆట నేర్పేటప్పుడు ఎంతవరకు చెప్పాలి? పావులు ఎలా కదులుతాయో చెప్పి వదిలేస్తే చాలా? ఆ కదలికల వెనుక ఉన్న లోగుట్టు కూడా విప్పి చెప్పాలా? "ఓడిపోతూ నేర్చుకుంటాడులే, మనం అలాగే కదా నేర్చుకున్నాం" అని కొందరు. "తెలియనివాడిని ఓడించడం కూడా ఒక గెలుపేనా?" అని మరికొందరు. విచిత్రమేమిటంటే కోట్ల రూపాయలతో కంప్యూటర్ ఆటలు తయారు చేసేవాళ్లు కూడా ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. అందుకే ఈ విషయాన్ని మాకు తెలిసినంతలో ఇక్కడ వివరించాలనుకున్నాం.

మూడు మెట్లు

ఎత్తుగడల ఆట ఏదైనా సరే, అందులో మూడు మెట్లుంటాయి. మొదటిది నియమం: ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నది. రెండోది లోగుట్టు: ఆ నియమాలన్నీ కలిసి పని చేసినప్పుడు ఏం జరుగుతుంది అన్నది. మూడోది ఎత్తుగడ: ఇప్పుడు, ఈ క్షణంలో, నేను ఏ పావు కదపాలి అన్నది.

సైకిల్‌తో పోల్చి చూద్దాం. ఇది హ్యాండిల్, ఇది పెడలు, ఇది బ్రేకు అని చూపించడం నియమం చెప్పడం లాంటిది. సైకిల్ ఎటు ఒరుగుతోందో అటే హ్యాండిల్ కాస్త తిప్పితే పడిపోకుండా నిలబడుతుంది అన్నది లోగుట్టు. ఏ దారిన పోవాలన్నది ఎత్తుగడ.

మొదటి మెట్టు చెప్పి తీరాలి అనడంలో ఎవరికీ పేచీ లేదు. మూడో మెట్టు చెప్పకూడదు అనడంలోనూ పేచీ లేదు. ప్రతి ఎత్తూ మనమే చెబితే ఆడుతున్నది మనమే అవుతాం, తమ్ముడు చెయ్యి మాత్రం కదుపుతాడు. వాదనంతా మధ్య మెట్టు దగ్గరే. ఆ మెట్టు కూడా ఆటే నేర్పాలి, ఆట నేర్పలేకపోతే ఆట తెలిసినవాళ్లు నేర్పాలి అన్నది మా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాం.

పులి-మేక ఏం చెబుతుంది?

ముందు మనందరికీ తెలిసిన పులి-మేక పటాన్నే తీసుకుందాం. పైన ఒక కొన. కొన నుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటూ దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతలు రెండు పక్కలా బయటికి వచ్చి నిలువు గీతలతో కలుస్తాయి. అన్నిటికీ అడుగున ఇంకో అడ్డగీత. కొన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 చోట్లు. పులులు 3, మేకలు 15. ఊరిని బట్టి, పటాన్ని బట్టి ఈ లెక్కల్లో తేడాలుంటాయి గానీ ఎక్కువగా కనిపించేది ఇదే.

నియమాలు కూడా కొద్దే. మేకలను ఒక్కొక్కటిగా దింపాలి. అన్నీ దిగేదాకా మేక కదలకూడదు. పులి గీత వెంట పక్క చోటికి కదలవచ్చు. లేదా పక్కనున్న మేక మీదుగా, అదే గీతలో అవతల చోటు ఖాళీగా ఉంటే, అక్కడికి దూకి ఆ మేకను తీసేయవచ్చు. పులులన్నీ కదలలేక చిక్కుబడితే మేకలు గెలిచినట్టు.

ఇంత మాత్రం చెప్పి కొత్తవాడి చేతికి 15 మేకలిస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. సగం మేకలు దిగకముందే ఐదారు పోతాయి. వరుసగా నాలుగు ఆటలు ఓడాక "మేకలు తీసుకున్నవాడు ఎప్పుడూ గెలవడు" అని తేల్చేసి ఆ తమ్ముడు లేచిపోతాడు. పులిది బలం, మేకది బలహీనం అన్న మాట వాడి మనసులో ముద్ర పడిపోతుంది.

ఇప్పుడు లోగుట్టు చూడండి. పులి దూకాలంటే మేకకు అవతల, అదే గీతలో, ఒక ఖాళీ ఉండాలి. అంటే మేకను కాపాడేది దాని వెనుక చోటు నిండి ఉండటమే. ఇంకో అడుగు ముందుకు వేయండి. అవతల చోటే లేని మేక సంగతి ఏమిటి? పటంలో కొన ఒకటి, పక్క నిలువు గీతల మూలలు నాలుగు, అడుగు గీత చివరలు రెండు. ఈ 7 చోట్లలో దేని మీదుగా కూడా ఏ గీతా దాటి పోదు, అన్నీ అక్కడే ఆగిపోతాయి. కాబట్టి ఈ ఏడింటిలో నిలిచిన మేకను పులి ఎన్నటికీ చంపలేదు. నమ్మకం లేకపోతే ఒక కాగితం మీద గీసి వేలు పెట్టి చూసుకోండి.

ఇంకో లెక్క. 23 చోట్లలో 15 మేకలూ బతికి దిగితే, 3 పులులు పోగా మిగిలే ఖాళీలు 5 మాత్రమే. మేక చచ్చినప్పుడల్లా పులికి ఒక ఖాళీ పెరుగుతుంది. పులి బలం దాని కోరల్లో లేదు, పటంలోని ఖాళీల్లో ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి తమ్ముడు మేకలను బలహీనమని అనడు.

మరి ఇదంతా చెప్పేశాక ఆట అయిపోయిందా? అవలేదు. భద్రమైన చోట్లు ఏడే, మేకలు పదిహేను. ఎనిమిదో మేకను ఎక్కడ దింపాలి? పులులే ఆ మూలల్లో వచ్చి కూర్చుంటే ఏం చేయాలి? ఏ మేకను ఎరగా వదిలి ఏ పులిని ఎటు లాగాలి? అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. లోగుట్టు చెప్పడం వల్ల ఆట చచ్చిపోలేదు, ఆట మొదలయ్యే చోటికి తమ్ముడు త్వరగా చేరాడు.

గవ్వల లెక్క

అష్టా చెమ్మాలో అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి అందులో నేర్చుకోవడానికి ఏమీ లేదని చాలామంది అనుకుంటారు. నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, అది చెమ్మా. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అది అష్టా. గవ్వ బోర్లా పడటానికీ వెల్లకిలా పడటానికీ సమానంగా అవకాశం ఉందనుకుంటే, మొత్తం 16 రకాలుగా పడవచ్చు. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1.

దీని అర్థం ఏమిటి? పగవాడి కాయకు సరిగ్గా రెండు గళ్ల ముందు నిలబడ్డ మన కాయకే ఎక్కువ ప్రమాదం. ఒక్క వేతతో చావాలంటే, నాలుగు గళ్ల ముందున్న కాయకు అంతకంటే ఆరింట ఒక వంతు ప్రమాదమే. పదేళ్లుగా ఆడుతున్నవాళ్లకు ఇది వేళ్లకు తెలుసు, నోటితో చెప్పలేరు. పదో తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత అని చదివేది ఇదే. నిజం గవ్వలు అచ్చం సమానంగా పడవు కాబట్టి, మీ గవ్వలను వందసార్లు వేసి రాసుకుంటే వాటి గుణం మీకే బయటపడుతుంది.

ఇంట్లో గురువు ఉన్నవాళ్లు, లేనివాళ్లు

ఇక చదరంగానికి వద్దాం. తాతల దగ్గర నేర్చుకున్న పాత పద్ధతి చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకు కోట కట్టే ఏర్పాటు లేదు, దానికి బదులు రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. పోటీల్లో ఆడేది అంతర్జాతీయ పద్ధతి. అందులో బంటు మొదట రెండు గళ్లు వేయవచ్చు, కోట కట్టవచ్చు. ఈ రెండింటి మధ్య చిక్కుకుని నలిగిపోయేది మన ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలే.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఒక పోటీకి వెళ్లాడు. బాగా ఆడుతున్నాడు. ఒక చోట వాడి బంటును రెండు గళ్లు ముందుకు వేశాడు. ఎదుటివాడి బంటు ఏటవాలుగా ఖాళీ గడిలోకి వచ్చి, పక్కనున్న వీడి బంటును తీసేసింది. ఇదేదో మోసం అనుకుని తమ్ముడు చెయ్యెత్తాడు. "అది నియమమే, ఆడు" అని చెప్పి నిర్వాహకుడు ముందుకు వెళ్లిపోయాడు. పక్కన కొందరు నవ్వారు. మిగిలిన ఆట తమ్ముడు మనసు పెట్టి ఆడలేకపోయాడు. బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే అడిగాడు: "అన్నా, ఆ ఖాళీ గడిలోకి ఎలా వచ్చిందన్నా?"

దాని పేరు ఆన్ పాసాంట్. ఒక బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకి ఎదుటి బంటు పక్కన నిలిస్తే, అది ఒక్క గడే కదిలినట్టు లెక్కకట్టి ఎదుటివాడు దాన్ని తీయవచ్చు. అయితే ఆ వెంటనే వచ్చే ఎత్తులోనే తీయాలి, ఆలస్యం చేస్తే ఆ హక్కు పోతుంది. ఎందుకు ఈ నియమం? ఆట త్వరగా సాగాలని బంటుకు రెండు గళ్ల దూకుడు ఇచ్చారు. ఆ దూకుడును అడ్డం పెట్టుకుని ఎదుటి బంటు కాపలా తప్పించుకోకూడదని ఈ మెలిక పెట్టారు. కారణం చెప్పి చూడండి, ఆరో తరగతి పిల్లవాడు కూడా మరిచిపోడు. కారణం చెప్పకపోతే అది మోసంలాగే కనిపిస్తుంది.

మన తెలుగువాళ్లు చదరంగంలో సాధించింది తక్కువేమీ కాదు. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, ఆయనకు ఆట నేర్పింది తాతగారు. కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఆమె గురువు కన్నతండ్రి కోనేరు అశోక్. వీళ్ల ప్రతిభనూ శ్రమనూ చూసి మనమందరం గర్వపడాలి. అయితే ఒక సంగతి గమనించాలి. వీళ్లకు ఆట లోగుట్టు చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు.

మన సంగతి వేరు. మనలో చాలామంది అమ్మానాన్నలు విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో భవనాల పనుల్లో ఉంటారు. పండక్కి వస్తారు, వెళ్తారు. ఇంట్లో మొదట బడి ముఖం చూసింది మనమే. "ఆట చెప్పదు, ఎవరికి వారే తెలుసుకోవాలి" అనే నియమం పైకి అందరికీ సమానంగానే కనిపిస్తుంది. నిజానికి అది ఇంట్లో తెలిసినవాళ్లు ఉన్నవాడికి ఒక రకంగా, లేనివాడికి ఒక రకంగా పని చేస్తుంది. మా పట్టుదలకు అసలు కారణం ఇదే.

మీర్ సుల్తాన్ ఖాన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. పంజాబ్‌కు చెందిన ఈయన సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు ఆశ్రయంలో ఉండేవాడు. మొదట నేర్చుకున్నది మన దేశపు పాత పద్ధతి చదరంగమే. ఆ జమీందారు అంతర్జాతీయ పద్ధతి నేర్పించి ఇంగ్లండు తీసుకువెళితే, 1929లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. ప్రపంచ ఛాంపియన్‌గా వెలిగిన కాపాబ్లాంకాను కూడా ఒకసారి ఓడించాడు. ఆయన చనిపోయిన ఎన్నో ఏళ్లకు, 2024లో, ప్రపంచ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఆయన బుర్రలో ఎత్తులు ముందే ఉన్నాయి. కొత్త నియమాలూ వాటి లోగుట్టూ ఒకరు చెప్పేదాకా ఆ ఎత్తులు లోకానికి తెలియలేదు.

కంప్యూటర్ ఆటల దారి

కంప్యూటర్ ఆటలు ఈ సమస్యను రకరకాలుగా ఎదుర్కొన్నాయి. 1991లో వచ్చిన సివిలైజేషన్ అనే ఆటతో పాటు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. ఆటలోపల కూడా సివిలోపీడియా పేరుతో ఒక చిన్న విజ్ఞాన సర్వస్వం పెట్టారు. ఏ కట్టడం వల్ల ఏమి లాభమో, ఏ సైనికుడి బలం ఎంతో అందులో వెతికి చూసుకోవచ్చు. చదివే ఓపిక ఉన్నవాడికి అంతా ఉంది, కానీ ఆట మొదలు పెట్టకముందే చదువు మొదలవుతుంది.

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం ఇంకో దారి పట్టింది. ఒకప్పుడు నెట్ సెంటర్లలో ఆడిన పూర్వ విద్యార్థులకు ఇది గుర్తుండే ఉంటుంది. అందులో స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్ కథతో పాఠాలుంటాయి. ముందు మనుషులను నడిపించడం, తర్వాత తిండీ కలపా పోగు చేయడం, తర్వాత కట్టడం, ఆపైన యుద్ధం. చేస్తూ చేస్తూ నేర్చుకోవచ్చు. అయితే ఇది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆ పాఠాలన్నీ పూర్తి చేసినవాడు కూడా ఒక అనుభవజ్ఞుడి ముందు కూర్చుంటే తేలిగ్గా ఓడిపోతాడు. మొదటి నిమిషాల్లో ఎంతమందిని తిండికి, ఎంతమందిని కలపకు పంపాలి అన్న లెక్కలోనే ఆట సగం ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో వచ్చిన కొత్త రూపంలో దీన్ని సరిచేశారు. ఆర్ట్ ఆఫ్ వార్ పేరుతో చిన్న చిన్న పరీక్షలు పెట్టి, ఆ లోగుట్టునే నేర్పి, పనితనాన్ని బట్టి పతకాలు ఇచ్చారు. అలా చెప్పినందువల్ల ఆ ఆట పాడైపోలేదు.

"ఓడిపోతూ నేర్చుకుంటాడు"

ఈ వాదనలో నిజం లేకపోలేదు. స్వయంగా కనిపెట్టింది మనసులో నాటుకుంటుంది. కానీ దానికి అయ్యే ఖర్చు కూడా చూడాలి. 2017లో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రాంకు చదరంగం నియమాలు మాత్రమే చెప్పి వదిలేశారు. అది తనతో తానే ఆడుకుంటూ, ఓడుతూ గెలుస్తూ, తొమ్మిది గంటల శిక్షణతో అప్పటి మేటి చదరంగ ప్రోగ్రాం స్టాక్‌ఫిష్‌ను మించిపోయింది. వినడానికి గొప్పగా ఉంది. కానీ ఆ తొమ్మిది గంటల్లో అది ఆడిన ఆటలు దాదాపు 4 కోట్ల 40 లక్షలు.

మనం స్టడీ అవర్‌కూ భోజనానికీ మధ్య రోజుకు రెండు ఆటలు ఆడతామనుకుందాం. ఒక్క రోజు కూడా మానకుండా 60 ఏళ్లు ఆడినా అయ్యేవి 43,800 ఆటలు. ఆ యంత్రం ఆడినన్ని ఆడాలంటే సుమారు వెయ్యి జీవితాలు కావాలి. మనిషి అలా నేర్చుకోడు. ముందువాళ్లు నేర్చుకున్నది మాటతో అందుకుని అక్కడి నుంచి నడక మొదలుపెడతాడు.

"లోగుట్టు తెలిస్తే మజా పోతుంది" అన్నది ఇంకో మాట. మూడు గళ్ల సున్నా-ఇంటూ ఆటలో నిజంగానే పోతుంది. ఇద్దరికీ మర్మం తెలిస్తే ఎప్పుడూ సమానమే, ఎవరూ గెలవరు. దాడి ఆటను చూడండి. ఒక్కొక్కరికి తొమ్మిదేసి పావులు, 24 చోట్లు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది కూడా సమానంగానే ముగుస్తుందని 1993లో రాల్ఫ్ గాసర్ అనే పరిశోధకుడు కంప్యూటర్‌తో తేల్చాడు. అయినా దాడి ఆట ఆగిపోలేదు. ఎందుకంటే తప్పు చేయకుండా ఆడటం మనుషులకు అంత తేలిక కాదు. మర్మం తెలియగానే చచ్చిపోయే ఆటలో ఉన్నది ఎత్తుగడ కాదు, ఎదుటివాడి తెలియనితనం. మంచి ఆటకు ఆ భయం లేదు.

ఎలా నేర్పాలి?

లోగుట్టును ఉపన్యాసంలా చెబితే ఎవరికీ ఎక్కదు. చిన్న చిక్కుముడిగా మార్చి ఇవ్వాలి. ఉదాహరణకు ఇది తమ్ముళ్లకు ఇచ్చి చూడండి. పటంలో ఒక్క పులే ఉంది. అది కొనలో కూర్చుంది. దాన్ని కదలకుండా కట్టేయడానికి ఎన్ని మేకలు కావాలి? అదే పులి పక్క గీత మూలలో ఉంటే ఎన్ని కావాలి?

కొన నుంచి నాలుగు దారులున్నాయి. ఒక్కో దారిలో అడ్డంగా ఒక మేక, దాని మీదుగా దూకకుండా వెనుక ఇంకో మేక. మొత్తం 8. మూల నుంచి ఉన్నవి రెండే దారులు, కాబట్టి 4 చాలు. పులిని మూలకు తోలాలి అన్న సంగతి మనం చెప్పనక్కరలేదు, ఈ లెక్క చేసిన తమ్ముడే చెబుతాడు. లోగుట్టు నేర్పడం అంటే ఇదే.

మన హాస్టల్‌లో మూడు పనులు చేయవచ్చని మా సూచన. ఒకటి, కొత్తవాడి మొదటి మూడు ఆటల్లో ఎత్తు వెనక్కి తీసుకోనివ్వాలి. రెండు, ఆట ముగిశాక ఓడినవాడు ఒక ప్రశ్న అడగాలి, గెలిచినవాడు దాచకుండా జవాబు చెప్పాలి. మూడు, వారానికి ఒక చిక్కుముడి వరండా బోర్డు మీద రాయాలి.

ఈ అలవాటు ఆటతో ఆగదు. ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మన వరుస క్రమాన్ని పై నుంచి చూసుకుంటూ ర్యాంకును బట్టి సీటు ఇస్తారు. కాబట్టి వస్తుందనుకున్న కాలేజీని కాదు, అన్నిటికంటే కావాలనుకున్నదాన్ని మొదట పెట్టాలి. దాని కింద వీలైనన్ని ఎక్కువ పెట్టుకోవాలి. చదువుకున్నవాళ్లున్న ఇంట్లో ఈ సంగతి అన్నం తింటుండగా తెలిసిపోతుంది. మనకు చెప్పాల్సింది మన సీనియర్ అన్నలే.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో పులి-మేకకు, దాడికి, వామనగుంటలకు ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంది. మీ ఊరి పటం గీసి, నియమాలు రాసి, పెద్దలు చెప్పిన లోగుట్టు ఒక్కటైనా జత చేసి పంపండి. వచ్చే సంచికలో అన్నీ ఒకచోట వేద్దాం. ఈ ఏడాది చేరబోయే తమ్ముళ్లు అక్కడి నుంచి ఆట మొదలుపెడతారు.